నల్లమలలో చిన్న మంట, పెద్ద మంట

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారి మొదటి మూడు గంటలు పొలాల దారి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు దాటుతుంటే ఇరువైపులా పత్తి, కంది, మొక్కజొన్న చేలు కనిపిస్తాయి. డిండి జలాశయం దగ్గర కాసేపు నీటి చల్లదనం తగులుతుంది. ఆ తరువాత ఎర్రనేలలు, రాళ్ళ గుట్టలు. మన్ననూరు తనిఖీ కేంద్రం చేరేసరికి దారి స్వభావమే మారిపోతుంది. పొలాలు వెనకబడి, అడవి రెండు వైపులా వచ్చి నిలబడుతుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఇక్కడి గేటు మూసివేస్తారు. ఆ తొమ్మిది గంటలు ఈ రోడ్డు వన్యమృగాలది.

ఇక్కడి నుంచి కృష్ణానది అంచు దాకా విస్తరించినది అమ్రాబాదు పులుల అభయారణ్యం. దీని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఇదొక భాగంగా ఉండేది. రాష్ట్ర విభజన తరువాత నదికి ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణకు వచ్చి అమ్రాబాదు పేరుతో వేరుపడింది. నదికి దక్షిణాన ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లో పాత పేరుతోనే కొనసాగుతోంది. పేర్లు రెండయినా కొండలు ఒక్కటే. పులికి గాని, నిప్పుకు గాని రాష్ట్రాల సరిహద్దు తెలియదు.

మన్ననూరు దాటి కొంత దూరం వెళితే ఫరహాబాద్ వస్తుంది. ఫరహ్ అంటే ఆనందం, ఆబాద్ అంటే జనావాసం. నిజాం పాలకుల కాలంలో ఇది వేటకు కేటాయించిన అడవి. వారి విడిది గృహపు శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడి కొండ అంచున నిలబడి చూస్తే కింద లోయ, దాని ఆవల మరో కొండవరుస, దాని వెనుక ఇంకొకటి, నీలిరంగు పలచబడుతూ కనుచూపు మేర పరచుకుని ఉంటాయి. నల్లమద్ది, చిరుమాను, ఏగిస, టేకు, తునికి, ఇప్ప, ఉసిరి, వాటి నడుమ వెదురు. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి ఇది. రాలిన ఆకే ఈ వ్యాసానికి మూలం.

రోడ్డు పక్కన పొగ

మేము రెండు కుటుంబాల వాళ్ళం, పిల్లలతో కలిసి పదకొండు మందిమి, జనవరి చివరి వారంలో ఈ దారిన వెళ్ళాము. ఫరహాబాద్ నుంచి వటవర్లపల్లి వైపు సాగుతుండగా రోడ్డు పక్కన పొగ లేవడం కనిపించింది. అడవి అంటుకుందని పిల్లలు కంగారుపడ్డారు. దగ్గరకు వెళ్ళి చూస్తే అటవీ సిబ్బంది ఏడెనిమిది మంది అక్కడే ఉన్నారు. వారి చేతుల్లో పచ్చి కొమ్మలు, పక్కన నీళ్ళ డబ్బాలు. గడ్డికి నిప్పు పెట్టినది వారే. "అబ్బా, అడవిని కాపాడేవాళ్ళే అడవికి నిప్పు పెడుతున్నారేమిటి?" అని మా చిన్నమ్మాయి అడిగింది. చిన్నపిల్ల ప్రశ్నే అయినా, నూట యాభై ఏళ్ళుగా అటవీశాస్త్రం తేల్చుకోలేక తర్జనభర్జన పడుతున్న ప్రశ్న కూడా అదే.

వారి అనుమతితో వాహనం దూరంగా నిలిపి, పని ముగిసేదాకా చూశాము. రోడ్డుకు సమాంతరంగా రెండు సన్నని బాటలు ముందే ఊడ్చి, గడ్డి గీకి, మట్టి కనిపించేలా శుభ్రం చేసి ఉంచారు. ఆ రెంటి మధ్య కొన్ని మీటర్ల వెడల్పున ఎండుగడ్డి మిగిలింది. మంట పెట్టేముందు ఒక వాచరు కర్రతో గడ్డిని తడుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. కుందేళ్ళు, పాములు తప్పుకోవడానికట. తాబేలు మాత్రం పరుగెత్తలేదు కాబట్టి కనిపిస్తే చేత్తో తీసి అవతల వదలాలి. తరువాత గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ గాలికి ఎదురు నడిచేలా నిప్పు పెట్టారు. గాలితో కలిసి పోయే మంట పరుగెత్తుతుంది. గాలికి ఎదురు వెళ్ళే మంట మెల్లగా పాకుతుంది. మోకాలి ఎత్తు కూడా దాటని ఆ మంట ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ అరగంటలో ఆ ముక్కను నల్లగా చేసి ఆరిపోయింది. అటుపిమ్మట వాళ్ళు రాజుకుంటున్న మొద్దులను వెతికి, కర్రతో పొడిచి, మట్టి కప్పి, నీళ్ళు చల్లారు. మంట పెట్టడానికి పట్టిన సమయం కంటే ఆర్పడానికి పట్టిన సమయమే ఎక్కువ.

దీనినే అదుపులో పెట్టిన మంట అనీ, ముందస్తు దహనం అనీ అంటారు. అలా కాల్చి ఖాళీ చేసిన పట్టీలను సిబ్బంది ఫైర్ లైన్లు అంటారు. ఏప్రిల్ నెలలో ఎవరో విసిరిన బీడీ ముక్కతో అడవి అంటుకుంటే, మంట ఈ ఖాళీ పట్టీ దగ్గరకు వచ్చి తినడానికి ఏమీ దొరకక ఆగిపోవాలన్నది ఆలోచన.

ఎందుకు కాలుస్తారు

నిప్పుకు మూడు కావాలి: వేడి, గాలి, మేత. ఎండను మనం ఆపలేము, గాలిని ఆపలేము. మన చేతిలో ఉన్నది మేత ఒక్కటే. ఆకురాల్చే అడవిలో ఏటా నేల మీద ఆకుల పొర పేరుకుంటుంది. వానాకాలంలో నిలువెత్తు పెరిగిన గడ్డి సంక్రాంతి నాటికి పసుపుపచ్చగా మారి ఎండుతుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఆ మేత నిప్పు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నల్లమల వంటి అడవుల్లో మంటలు వాటంతట అవే పుట్టడం బహు అరుదు. దాదాపు అన్నింటి వెనుకా మనిషి చేయి ఉంటుంది. తునికాకు లేతగా చిగురించాలనీ, ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద నేల శుభ్రంగా ఉండాలనీ, పశువులకు కొత్త గడ్డి రావాలనీ కొందరు కావాలనే కాలుస్తారు. తేనెపట్టుకు పెట్టిన పొగ కట్టె, దారి పక్క వంట పొయ్యి, ఆర్పని చుట్ట మరికొన్నిటికి కారణాలు.

జనవరిలో నేలలో ఇంకా తేమ ఉంటుంది, ఉదయం మంచు కురుస్తుంది. అప్పటి మంట పై గడ్డిని మాత్రమే తిని ఊరుకుంటుంది. అక్కడక్కడా పచ్చిగా ఉన్న చోట్లను వదిలేస్తుంది. ఏప్రిల్‌లో, ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు, అదే గడ్డి, అదే ఆకు, ఎండిన వెదురుతో కలిసి ఆపశక్యం కాని కార్చిచ్చు అవుతుంది. చిన్న మంటతో పెద్ద మంటను నివారించడం అంటే ఇదే.

ఇతర ప్రయోజనాలూ ఉన్నాయి. కాలిన నేలలో కొద్ది రోజులకే లేత గడ్డి మొలుస్తుంది. దుప్పి, కణితి, మనుబోతు దాని కోసం వస్తాయి. అవి ఉన్నచోటే పులి ఉంటుంది. బూడిదలోని ఖనిజాలు నేలకు చేరతాయి. పిడుదుల వంటి పరాన్నజీవులు కొంత తగ్గుతాయి. బ్రిటిష్ పాలకులు పంతొమ్మిదో శతాబ్దంలో అడవిలో ఎక్కడా నిప్పు కనిపించరాదని పట్టుబట్టారు. ఆ శతాబ్దం ముగిసేనాటికి బర్మా టేకు అడవుల్లో వారి అధికారులే, నిప్పు పూర్తిగా ఆగిపోయిన చోట వెదురూ పొదలూ కమ్ముకుని టేకు మొలకలు ఎదగడం లేదని వాదించసాగారు. అయినా 1927 నాటి భారత అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరంగానే ఉంచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అభయారణ్యాల్లోనూ దాన్ని నిషేధించింది.

వటవర్లపల్లిలో విన్న మాట

ఈ అడవిలో అనాదిగా ఉంటున్నవారు చెంచులు. వారి చిన్న పల్లెను పెంట అంటారు. 1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అమ్రాబాదు పీఠభూమి మీద వారి మధ్య నివసించి, 1943లో వారి జీవనం గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని, పండ్లు ఏరుకుని బతికే ఆ జనం నేడు అటవీశాఖలో వాచర్లుగా కూడా పనిచేస్తున్నారు. మేము చూసిన మంట దగ్గర ఉన్నవారిలో సగం మంది చెంచులే.

వారిలో ఒక పెద్దాయన పని ముగించుకుని మాతో వటవర్లపల్లి దాకా వచ్చాడు. "తాతా, ఈ మంట అదుపు తప్పదని మీకెలా తెలుసు?" అని మా పిల్లవాడు అడిగాడు. "తెల్వది బిడ్డా. అందుకే ఆరిందాక ఆడనే ఉంటం" అన్నాడాయన. కాసేపాగి, "సంక్రాంతి పోయినంక పెడితే నేల మీద పాకుతది. ఉగాది పోయినంక పెడితే చెట్టెక్కుతది. నిప్పు ఒక్కటే, కాలమే వేరు" అని వివరించాడు.

ఎక్కడ అడవి తగలబడినా ముందు చెంచులనే అనుమానిస్తారని ఆయన బాధపడ్డాడు. "అడివి కాలితే ఆ ఏడు సారపప్పు ఉండదు, ఇప్పపువ్వు ఉండదు, జిగురు ఉండదు. మా అన్నం మేమే కాలవెట్టుకుంటమా సారూ?" అన్న ఆయన ప్రశ్నకు మా దగ్గర బదులు లేదు. సారచెట్టు, ఇప్పచెట్టు పూతకూ కాతకూ వచ్చే నెలలే కార్చిచ్చు నెలలు కూడా.

మా ఇంటి ఆడవాళ్ళు ఒక గుడిసె ముందు కూర్చుని అక్కడి తల్లులతో మాట్లాడారు. వారు చెప్పినది మరో కోణం. అడవి శాస్త్రంలో ఎంత మంచి మంట అయినా, పొగ మాత్రం పొగే. "గాలి లేని దినం పెడితే పొగ పోదమ్మా, మూడు దినాలు పెంటల్నే కూసుంటది. పసిపిల్లలు దగ్గుతరు" అని ఒక తల్లి చెప్పింది. గాలి ఉంటే మంట అదుపు తప్పుతుంది, గాలి లేకపోతే పొగ నిలుస్తుంది. ఈ రెంటి మధ్య సరైన రోజును ఎంచుకోవడమే ఈ పనిలోని కష్టమంతా.

మంట తీసుకుపోయేవి

ముందస్తు మంట వల్ల జరిగే నష్టాలను దాచిపెట్టడం న్యాయం కాదు. చిన్న మంట కూడా ఆ ఏటి మొలకలను చంపుతుంది. ఒకే చోట ఏటా కాలిస్తే పెద్ద చెట్లు నిలిచి ఉంటాయి గాని, వాటి తరువాతి తరం పుట్టదు. పైకి పచ్చగా కనిపించే అడవి లోలోపల వారసులు లేని ఇల్లవుతుంది. ఆకుల పొరలోని నత్రజని పొగతో పాటు గాలిలో కలిసిపోతుంది. ఆకుల దుప్పటి పోయిన వాలు నేల మీద తొలకరి వాన పడితే, పైమట్టి కొట్టుకుపోయి వాగుల గుండా చివరికి కృష్ణలో చేరుతుంది.

చిన్న ప్రాణుల సంగతి మరీ దయనీయం. దుప్పి పరుగెత్తి తప్పించుకుంటుంది. నక్షత్ర తాబేలు, తొండ, పురుగు ఎక్కడికి పోతాయి? నల్లమల దక్షిణ భాగంలో, నంద్యాల - గిద్దలూరు మధ్య అడవిలో మెరిసే నీలిరంగు సాలీడు ఒకటి ఉంది. గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన ఆ జీవి పాత చెట్ల తొర్రల్లో నివసిస్తుంది. దాని సహజ నివాసం మొత్తం వంద చదరపు కిలోమీటర్లకు లోపే కనుక తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. తొర్ర ఉన్న ఒక్క ముసలి చెట్టు కాలితే దానికి ఊరు పోయినట్టే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మంట చేయి దాటడం. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో 2000 సంవత్సరం మే నెలలో ఉద్యానవన సిబ్బంది పెట్టిన ఇటువంటి మంటే గాలికి అదుపు తప్పి లాస్ అలమోస్ పట్టణం మీద పడింది. నాలుగు వందలకు పైగా కుటుంబాలు ఇళ్ళు కోల్పోయాయి. అదే రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో పెట్టిన మరొక మంట అదుపు తప్పింది. చలికాలంలో కాల్చిన కట్టెల కుప్పల్లో మంచు కింద నెలల తరబడి రాజుకున్న నిప్పు మళ్ళీ లేచి దానితో కలిసింది. మూడు లక్షల ఎకరాలకు పైగా దగ్ధమైంది. ధనం, యంత్రాలు, వాతావరణ సూచనలు పుష్కలంగా ఉన్న దేశంలోనే ఇలా జరిగినప్పుడు, పచ్చి కొమ్మలతో, నీళ్ళ డబ్బాలతో పనిచేసే మన వాచర్లు ఎంత జాగ్రత్త పడాలో ఊహించవచ్చు.

అసలు కాల్చకపోతే?

అలాగని నిప్పును పూర్తిగా బహిష్కరిస్తే సరిపోతుందా? కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల అనుభవం వేరుగా చెబుతోంది. అక్కడి సోలిగ గిరిజనులు ఎండాకాలం తొలిరోజుల్లో నేల మీది ఆకులను చిన్న మంటలతో కాల్చేవారు. ఆ మంటను వారు తరగు బెంకి అంటారు. 1974లో అది వన్యప్రాణి అభయారణ్యం అయిన తరువాత ఆ అలవాటు నిషిద్ధమైంది. పిమ్మట లాంటానా పొద అడవిని కమ్ముకుంది. 1997 - 2008 మధ్య పరిశోధకులు కొలిచినప్పుడు అది విస్తరించిన మేర దాదాపు రెట్టింపు అయింది. ఉసిరి చెట్ల మీద బదనిక పెరిగి వాటిని ఎండగడుతోందని, పాత మంటలు దాన్ని అదుపులో ఉంచేవని సోలిగలు అంటారు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. లాంటానా దట్టంగా పెరిగాక, ఆ మంటను తిరిగి తెచ్చినా పాత ఫలితం రాదు. ఆ పొద నిలువునా మండి మంటను చెట్ల కొమ్మలకు ఎక్కిస్తుంది, ఆ తరువాత వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. ముందు దాన్ని పెకిలించి, తరువాతనే నిప్పు గురించి ఆలోచించాలి. అంటే ఆపిన మందును ఆపిన చోట నుంచే మళ్ళీ మొదలుపెట్టలేము. రోగి పరిస్థితి ఈలోగా మారిపోయి ఉంటుంది.

మరోవైపు, మంటలు మితిమీరిన ఉదాహరణ నీలగిరుల పాదాన ఉన్న ముదుమలై. 1910ల నాటి లెక్కల ప్రకారం అక్కడ ఒక ప్రదేశం సగటున పదేళ్ళకొకసారి కాలేది. 1989 - 2002 మధ్య అది సుమారు మూడేళ్ళకొకసారికి చేరింది. మూడేళ్ళలో ఏ మొలక చెట్టవుతుంది? బిళిగిరిలో నిప్పు కరవైంది, ముదుమలైలో నిప్పు మితిమీరింది. రెండూ నష్టమే.

మేము గ్రహించినది

చూసిన దానిని, విన్న దానిని కలిపి ఆలోచిస్తే మాకు తోచింది ఇది. రోడ్ల వెంట, ఊళ్ళ చుట్టూ, అడవి భాగాల మధ్య సన్నని పట్టీలను జనవరిలోనే కాల్చి ఉంచడం అవసరం. మొత్తం అడవిని ఏటా కాల్చడం తప్పు. గడ్డి నేలలను కాల్చవలసి వచ్చినా వంతులవారీగా, ఒక ఏడు ఒక ముక్క, మరో ఏడు మరో ముక్క కాల్చి మధ్యలో ప్రాణులకు ఆశ్రయం వదలాలి. వాగుల ఒడ్డు, నిటారు వాలు, తొర్ర చెట్లు ఉన్న చోట నిప్పు వద్దు. అక్కడ ఆకులను ఊడ్చి, గాలి యంత్రాలతో తొలగించి దారి చేయవచ్చు. కాల్చే రోజును పెంటలవారికి ముందుగా చెప్పాలి. వాన తరువాత అదే చోటికి తిరిగి వెళ్ళి, ఏం మొలిచిందో, ఏం మొలవలేదో రాసిపెట్టుకోవాలి. రాసిపెట్టని మంట నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

ఈ రోజు అడవి ఎక్కడ అంటుకున్నా ఉపగ్రహం పట్టేస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఈ సమాచారాన్ని రాష్ట్రాలకు పంపుతోంది, సంబంధిత సిబ్బంది ఫోనుకు సందేశం వస్తుంది. ఇది గొప్ప సౌకర్యమే. అయితే ఆకాశం నుంచి చూసే కంటికి మంట కనిపిస్తుంది గాని, అది సంక్రాంతి మంటో ఉగాది మంటో, ఎవరు ఏ అవసరానికి పెట్టారో కనిపించదు. అది తెలిసినవారు నేల మీద ఉన్నారు. వారిని అనుమానితుల వరుసలో నిలబెట్టడం మాని సలహాదారుల వరుసలో కూర్చోబెడితే, అడవికీ వారికీ కూడా మేలు.

ఇక మనవంటి యాత్రికుల బాధ్యత. ఫిబ్రవరి మొదలు వానలు పడేదాకా ఈ దారిన వేల కుటుంబాలు వెళతాయి. కొందరు కాలినడకన అడవి గుండా సాగే యాత్రికులు, కొందరు మల్లెలతీర్థం జలపాతానికి, ఆనకట్ట చూడడానికి వెళ్ళేవారు. దారిలో చెట్టు నీడ కనిపించగానే పొయ్యి వెలిగించి బిర్యానీ వండుకోవడం మన ఇళ్ళలోనూ ఉన్న సరదా. ఈ అడవిలో అది వద్దు. భోజనం ఇంటి నుంచి తెచ్చుకుందాం, లేదా మన్ననూరులోనో దోమలపెంటలోనో తిందాం. బీడీ, సిగరెట్ ముక్క కారు కిటికీ నుంచి బయట పడకూడదు. ఎక్కడైనా పొగ కనిపించి, పక్కన సిబ్బంది లేకపోతే, ఫొటో తీసి ముందుకు సాగిపోకుండా దగ్గరి తనిఖీ కేంద్రంలో వెంటనే చెప్పాలి. అదుపులో ఉన్న మంటకు పక్కన మనిషి ఉంటాడు. మనిషి లేని మంట ఏదైనా కార్చిచ్చే అనుకోవడం క్షేమం.